టైప్-1 డయాబెటిస్: ఇన్సులిన్ నుంచి టీ-కణాల దాకా

ప్రశ్న: ఇన్సులిన్ దొరికి వందేళ్లు దాటినా టైప్-1 డయాబెటిస్ నివారణ ఎందుకు ఆలస్యమైంది? భారత్ సందర్భంలో చర్చించండి.

పరిచయం
సుశ్రుత సంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చే సహజం, ఆహారదోషం వల్ల వచ్చే అపథ్యనిమిత్తజం అని రెండుగా విడదీసింది. ఇది నేటి టైప్-1, టైప్-2లను గుర్తు చేస్తుంది కానీ, టైప్-1 పుట్టుకతో వచ్చేది కాదు. కాబట్టి రెండూ ఒకటేనని జవాబులో రాయకూడదు.

కారణం కోసం వెతుకులాట
1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే బాలుడికి ఇన్సులిన్ ఇచ్చారు. మరుసటి ఏడాదే బాంటింగ్, మెక్లియోడ్‌లకు నోబెల్ వచ్చింది. ప్రాణం నిలిచింది, కారణం మాత్రం తెలియలేదు. 1965లో బెల్జియం శాస్త్రవేత్త విల్లీ గెప్ట్స్, కొత్తగా జబ్బుపడి చనిపోయిన వారి క్లోమంలో రోగనిరోధక కణాలు గుమికూడటం చూపించారు. 1974లో లండన్‌లో బొట్టాజ్జో, డోనియాక్ బృందం క్లోమ కణాలపై యాంటీబాడీలను గుర్తించింది. శరీరమే తన బీటా కణాలపై దాడి చేస్తోందని అప్పుడు బలపడింది.

సంకేతాలు ఎలా పనిచేస్తాయి?
• హెచ్ఎల్ఏ అణువు ఇన్సులిన్ ముక్కను టీ-కణానికి చూపుతుంది. టీ-కణ గ్రాహకం దాన్ని పట్టుకుంటే, సీడీ3 ఆ కబురును కణం లోపలికి చేరవేస్తుంది.
• సీడీ28 ద్వారా రెండో సంకేతం అందితేనే కణం పూర్తిగా మేల్కొంటుంది. ఐఎల్-2తో సంఖ్య పెంచుకుంటుంది.
• సీడీ8 కణాలు బీటా కణాలను చంపుతాయి.
• ఫాక్స్‌పీ3 జన్యువుపై ఆధారపడే నియంత్రక టీ-కణాలు దీనికి బ్రేకు. ఈ కణాలపై పరిశోధనకే 2025 వైద్య నోబెల్ దక్కింది.

సీడీ3ని లక్ష్యం చేసుకున్న టెప్లిజుమాబ్‌కు 2022 నవంబరులో అమెరికా అనుమతినిచ్చింది. అది జబ్బును ఆపదు, వాయిదా వేస్తుంది. 2019లో వెలువడిన ట్రయల్‌లో ఈ వాయిదా సుమారు రెండేళ్లు. అమెరికాలో ఒక కోర్సు ప్రారంభ ధర 1.9 లక్షల డాలర్లు పైనే.

భారత్ కోణం
పిల్లల్లో ఏ రకం డయాబెటిసో తేల్చడం ఇక్కడ తొలి సమస్య. యూరోపియన్ల సమాచారంతో తయారైన జన్యు ప్రమాద స్కోరును హైదరాబాద్ సీసీఎంబీ, పుణె కేఈఎం ఆసుపత్రి, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి భారతీయులపై పరీక్షించాయి. అది రకాలను వేరుచేయగలదని, కానీ యూరోపియన్లలో కంటే కాస్త తక్కువగా పనిచేస్తుందని 2020లో తేల్చాయి. 2022లో ఐసీఎంఆర్ టైప్-1కు మార్గదర్శకాలు ఇచ్చింది.

ముగింపు
వాయిదా వేసే మందు జబ్బు బయటపడక ముందే ఇవ్వాలి. అంటే యాంటీబాడీ పరీక్ష, మన జన్యు సమాచారం, భరించగల ధర మూడూ కలవాలి. అప్పటిదాకా ప్రతి పీహెచ్‌సీలో ఇన్సులిన్, గ్లూకోజ్ స్ట్రిప్పులు నిల్వ ఉండటమే ఆర్టికల్ 47కు కనీస గౌరవం.