పోడు

ఎండాకాలంలో భద్రాచలం దాటి కొండల్లోకి తొలిసారి వెళ్లినవాళ్లు, నల్లగా కాలిన వాలు కనబడగానే అడవి తగలబడిందనుకుంటారు. అది చేను. చెట్లు నరికి, ఎండనిచ్చి, కాల్చి, తొలకరికి ఆ బూడిదలో కర్రతో గుంతలు పొడిచి జొన్న, కంది, చోళ్లు వేస్తారు. నాగలి లేదు, గట్టు లేదు. కొన్నేళ్లకు ఆ చోటు అడవికి వదిలేసి ఇంకో వాలుకు పోతారు. ఒడియాలోనూ ఈ సాగు పేరు పోడే. అక్కడ ‘పోడిబా’ అంటే కాల్చడం.

వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940ల తొలినాళ్లలో పాపికొండల కొండరెడ్ల మధ్య ఉండి ఈ సాగును దగ్గరగా చూశాడు. 1945లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. పరాయి దేశంలో తొలిచూపుకు వింతగా తోచినదాని దగ్గర అన్నాళ్లు ఆగాడు. ఆయనలో నాకు బాగా నచ్చేది అదే.

ఇప్పుడు ఖమ్మం వైపు పోడంటే కాల్చిన వాలు ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి అరక కట్టి పత్తి వేసే అటవీభూమి కూడా పోడే. చోటు మారే సాగు పేరు హద్దులున్న కాగితం మీదికెక్కింది: 2006 అటవీహక్కుల చట్టం కింద తెలంగాణలో 2023లో పంచినవాటినీ జనం ‘పోడు పట్టాలు’ అనే అంటారు.