ఊరు చేరిన పనిశాలలు: క్యాంప్‌డెన్, ఫీనిక్స్, చోళమండలం

1901 చివర్లో తూర్పు లండన్‌లోని మైల్ ఎండ్ రోడ్డు పనిశాలలో వెండి పనివారు, కమ్మరులు, వడ్రంగులు, కంపోజిటర్లు ఓటు వేశారు. నగరం వదిలి పల్లెకు పోదామా వద్దా అన్నది తేల్చుకోవాలి. పోదామన్నవాళ్లే ఎక్కువమంది. 1902లో భార్యాపిల్లలతో కలిపి సుమారు 150 మంది గ్లాస్టర్‌షైర్‌లోని చిప్పింగ్ క్యాంప్‌డెన్ అనే చిన్న ఊరికి తరలివెళ్లారు. ఆధునిక కాలంలో కళాకారులు మూకుమ్మడిగా నగరం వదిలిన ఘటనల్లో ఇంత వివరంగా నమోదైనవి తక్కువ. ఆరేళ్లు గడిచేసరికి వాళ్ల సంస్థ మూతబడింది.

నగరాలు వదిలే కళాకారుల గురించి ఇవాళ వస్తున్న రాతలు ఎక్కువగా వాళ్ల మనసు చుట్టూ తిరుగుతాయి. ఉక్కిరిబిక్కిరి, విముక్తి, మట్టివాసన, ప్రశాంతత. అవన్నీ నిజమే, అందులో ఎవరినీ శంకించనక్కర లేదు. కానీ ఆ వలసలు నిలిచాయా, చెదిరాయా అన్నది ప్రకృతి మీది ప్రేమ వల్ల తేలలేదని ఈ వ్యాసం వాదన. భూమి ఎవరి పేర ఉంది? చేసిన సరుకు కొనేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? పని లేని నెలల్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? అప్పటికే ఆ ఊళ్లో బతుకుతున్నవాళ్లకు ఈ కొత్తవాళ్లు ఏమవుతారు? క్యాంప్‌డెన్ కథను ఈ ప్రశ్నలతో చదివి, దాని పక్కన దక్షిణాఫ్రికాలోని ఫీనిక్స్‌నూ, మద్రాసు శివారులోని చోళమండలాన్నీ పెట్టి చూడడం ఇక్కడి ప్రయత్నం.

ఈ వలసను నడిపించినవాడు చార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ (1863–1942). వాస్తుశిల్పి, కేంబ్రిడ్జిలో చరిత్ర చదివినవాడు. వైట్‌చాపెల్ పేదవాడలోని టాయిన్‌బీ హాల్‌లో ఉంటూ పనివాళ్లతో కలిసి జాన్ రస్కిన్ రచనలు చదివించేవాడు. ఆ చదువు నుంచే 1888లో 50 పౌండ్ల పెట్టుబడితో ‘గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్’ పుట్టింది. రస్కిన్ చెప్పినది సూటిగా ఉంటుంది: మనిషిని యంత్రంలో ఒక పన్నుగా మార్చే పని ఎంత నునుపైన వస్తువు ఇచ్చినా అది మనిషికి నష్టమే. అందుకని గిల్డ్‌లో ఒక పనివాడు వస్తువును మొదటినుంచి చివరిదాకా తానే చేసేవాడు. 1898లో గిల్డ్ లిమిటెడ్ కంపెనీ అయ్యాక పనివారికి అందులో వాటాలూ ఉన్నాయి. అదే ఏడాది, చేతిపని కళల ఉద్యమానికి పెద్ద దిక్కైన విలియం మోరిస్ మరణం తరవాత మూతబడిన కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం నుంచి అచ్చుయంత్రాలు కొని ‘ఎసెక్స్ హౌస్ ప్రెస్’ మొదలుపెట్టారు.

పల్లెకు పోవాలన్న ఆలోచనకు ఇంకొక మూలం ఎడ్వర్డ్ కార్పెంటర్. షెఫీల్డ్ దగ్గర మిల్‌థార్ప్‌లో కూరగాయలు పండిస్తూ, చెప్పులు కుట్టుకుంటూ, రాసుకుంటూ బతికిన మనిషి. తిండికీ పనికీ ఆలోచనకూ నడుమ గోడలు లేని బతుకు సాధ్యమేనని ఆయన ఆష్‌బీ తరానికి చూపించాడు.

క్యాంప్‌డెన్ మధ్యయుగాల్లో ఉన్ని వ్యాపారంతో బాగుపడిన ఊరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా ధాన్యం ఓడల మీద చవగ్గా దిగుతుంటే ఇంగ్లండు వ్యవసాయం కుంగింది. కూలీలు వలసపోయారు, ఇళ్లు ఖాళీ పడ్డాయి. ఆ ఖాళీయే గిల్డ్‌కు చోటిచ్చింది. షీప్ స్ట్రీట్‌లో పాడుబడి ఉన్న పాత పట్టు మిల్లు పనిశాల అయింది. అచ్చుయంత్రాలు, వెండిపని, నగలు, చెక్కడం, కుర్చీలు బల్లల తయారీ అంతా ఒకే కప్పు కింద సర్దుకున్నారు. చలికాలంలో నాటకాలు, ఎండాకాలంలో ఈత, అందరికీ పెరటితోటలు. 1904లో పెట్టిన బడిలో ఊరి పిల్లలకు చేతిపనులతో పాటు వంట, తోటపని కూడా నేర్పారు. లండన్ మురికివాడల్లో పెరిగిన కుర్రవాళ్లు ఇక్కడ ఒళ్లు తేరారని ఆష్‌బీ దంపతుల రాతల్లో పదే పదే వస్తుంది. ఆ మార్పును నేను తక్కువ చేయను. పొగలో పెరిగిన పిల్లవాడికి గాలి దొరకడమే ఒక పెద్ద ఫలితం. సంస్థ మూతబడినంత మాత్రాన అది రద్దయిపోదు.

అయితే ఇవన్నీ అద్దె ఇళ్లు, అద్దె మిల్లు. ఊరి భూమిలో ఎక్కువ భాగం గెయిన్స్‌బరో ప్రభువుది. ఊరివాళ్లు వచ్చినవాళ్లను మొదట్లో అనుమానంగా చూశారు. దానికి కారణం లేకపోలేదు. గిల్డ్ పనివాడి కూలి పొలం కూలీ సంపాదన కంటే ఎక్కువ. ఎక్కువ ఇచ్చుకోగల మనిషి ఊళ్లోకి వస్తే అద్దె ఎటు జరుగుతుందో చెప్పనక్కర లేదు. వచ్చినవాడు ఎంత మంచివాడైనా ఈ లెక్క మారదు. పల్లెకు తరలే కళాకారుల కథల్లో ఈ పేరాకు సాధారణంగా చోటుండదు, ఉండి తీరాలి.

పతనం ఎలా వచ్చిందో ఆష్‌బీయే 1908లో ‘క్రాఫ్ట్స్‌మన్‌షిప్ ఇన్ కాంపిటీటివ్ ఇండస్ట్రీ’ అన్న పుస్తకంలో రాశాడు. సరుకు క్యాంప్‌డెన్‌లో తయారైనా కొనేవాళ్లు లండన్‌లోనే ఉన్నారు. కాబట్టి లండన్ దుకాణం ఖర్చు తప్పలేదు, రైలు ఛార్జీలు దానికి తోడయ్యాయి. ఈలోగా లండన్‌లోని పెద్ద దుకాణం లిబర్టీ కంపెనీ 1899 నుంచి ‘సిమ్రిక్’ పేరుతో వెండి సామాను అమ్మసాగింది. అచ్చుల్లో ఒత్తి తీసిన వెండి మీద సుత్తిదెబ్బల గుర్తులు కూడా కనిపించేలా చేసి, చేతిపనిలా తోపించే సరుకు అది. పోచంపల్లి చిటికీ నమూనాను మిల్లుబట్ట మీద ముద్రించి అమ్మడం చూసిన తెలుగు పాఠకులకు ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కర లేదు. చేతిపని అందాన్ని నకలు తీయడం తేలిక. దాని వెనుక ఉన్న పని పద్ధతి నకలు చేసేవాడికి అక్కరలేదు.

వీటికంటే లోతైన కారణం మరొకటి ఉంది. దాన్నే నేను అసలు కారణంగా తీసుకుంటాను. లండన్‌లో గిరాకీ తగ్గిన నెలల్లో గిల్డ్ పనివాడు వీధి చివర ఇంకో పనిశాలలో చేరి, గిరాకీ పెరిగాక తిరిగి రాగలిగేవాడు. నగరానికి ఆ మందం ఉంది. ఒకే వృత్తికి వందల పనిశాలలు ఉన్నచోట ఒకటి తడబడినా మనిషి పడిపోడు. క్యాంప్‌డెన్‌లో గిల్డ్ తప్ప మరో వెండి పనిశాల లేదు. పని ఉన్నా లేకున్నా కూలి ఇవ్వాలి, లేకపోతే ఆ కుటుంబాన్ని రోడ్డున పెట్టాలి. ఆష్‌బీ మొదటిది ఎంచుకున్నాడు. అమ్ముడుపోని సరుకు అల్మారాల్లో పేరుకుంది. 1907లో కంపెనీని మూసివేయాలని తీర్మానించి, మరుసటి ఏడాది మూసేశారు.

1909లో అమెరికా సబ్బుల వ్యాపారి జోసెఫ్ ఫెల్స్, పక్కనే ఉన్న బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో 70 ఎకరాలు కొని మిగిలిన పనివారికి అందుబాటులో పెట్టాడు. భూమి ఉమ్మడి సొత్తు కావాలన్న హెన్రీ జార్జ్ సిద్ధాంతాన్ని నమ్మినవాడు ఫెల్స్. వెండి పని లేనప్పుడు పొలం, పొలం పని తీరాక సుత్తి. 1902లోనే ఉండవలసిన ఏర్పాటు ఇది. తిండి పండే నేల కాళ్లకింద ఉంటే పని లేని నెలలు కంపెనీ ఖాతాలో అంత భారంగా పడేవి కావు. ప్రకృతి ఒడిలోకి వెళ్లిన గిల్డ్ ప్రకృతి నుంచి తిండి తీసుకునే ఏర్పాటు చేసుకోకుండా వెళ్లిందన్నమాట. చూడడానికి కొండలు, ఈదడానికి నీళ్లు, పీల్చడానికి గాలి ఉన్నాయి. గింజలు మాత్రం దుకాణంలో కొనుక్కోవాలి.

గిల్డ్ పోయినా కొందరు ఊళ్లోనే ఉండిపోయారు. వెండి పనివాడు జార్జ్ హార్ట్ కుటుంబం అదే పట్టు మిల్లులో తరాలుగా పని సాగిస్తూ వచ్చింది. చెక్కడం పనివాడు అలెక్ మిల్లర్ 1939 దాకా అక్కడే పనిచేశాడు. వీళ్లు మిగిలింది ఆశయం మిగతావారికంటే గట్టిదై కాదనిపిస్తుంది. ఒక చిన్న పనిశాల తన చుట్టుపక్కల చర్చీలూ ఇళ్లూ ఇచ్చే పనితో బతకగలదు. యాభై మంది కూలి మోసే కంపెనీ బతకలేదు. పల్లె ఎంతమందిని పోషించగలదన్నది కూడా లెక్క వేసుకోవలసిన విషయమే.

ఈ క్యాంప్‌డెన్‌కు తెలుగువారితో ఒక దారం ఉంది. సింహళ ఖనిజ పరిశోధన విభాగానికి డైరెక్టరుగా పనిచేసిన ఆనంద కుమారస్వామి 1907లో బ్రాడ్ క్యాంప్‌డెన్‌లోని నార్మన్ చాపెల్‌లో కాపురం పెట్టాడు. ఆ పాత కట్టడాన్ని ఇల్లుగా మార్చింది ఆష్‌బీ. మోరిస్ చేతి కింద నడిచిన అచ్చుయంత్రం మీదనే కుమారస్వామి ‘మిడీవల్ సింహళీస్ ఆర్ట్’ గ్రంథం 1908లో 425 ప్రతులుగా అచ్చయింది. మరుసటి ఏడు వచ్చిన ఆయన ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’కు ముందుమాట రాసింది ఆష్‌బీయే. మన పల్లె వృత్తికారుడికి ఊరితో ఉన్న కట్టుబాట్లను ఆ పుస్తకం ఇంగ్లండు పాఠకుడి ముందు పెట్టింది. గిల్డ్ కూలిన ఏడాది తరవాతే అది వచ్చిందని గుర్తుంచుకుని చదివితే, అందులోని ఆరాటం ఇంకోలా వినబడుతుంది. వృత్తికారుడికి ఊరు భూమినో, గింజనో ఇచ్చి నిలబెట్టుకునే ఏర్పాటు ఇక్కడ అప్పటికే ఉంది. క్యాంప్‌డెన్‌లో లేనిది సరిగ్గా అదే. అయితే ఆ ఏర్పాటుతో పాటే వచ్చే కుల కట్టుబాటును, ఊరికి దూరంగా పెట్టబడ్డ పనివాళ్ల సంగతిని కుమారస్వామి తగినంత పట్టించుకోలేదు. ఆ మాట కూడా చెప్పాలి. ఇదే కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ను ‘ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్’గా 1917లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడు ఎడిన్‌బరోలో చదివిన మన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. నాలుగేళ్ల తరవాత చీరాల–పేరాల జనాన్ని పట్టణం వదిలించి రామనగరం గుడిసెల్లోకి నడిపించింది ఆయనే. అది మునిసిపల్ పన్నుమీద పోరు. కళాకారుల వలసతో దాన్ని కలిపేయకూడదు. కానీ అక్కడ కూడా జనం సుమారు 11 నెలలు ఓర్చుకుని చివరికి ఇళ్లకు తిరిగి రావలసి వచ్చింది. పట్టుదల తక్కువై కాదు, నాయకుడు జైలులో ఉండగా గుడిసెల్లో బతుకు సాగక.

క్యాంప్‌డెన్ వలస జరిగిన రెండేళ్లకు, అదే రస్కిన్ నుంచి మరో వలస పుట్టింది. 1904లో జొహానెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైలులో గాంధీ ‘అన్‌టు దిస్ లాస్ట్’ చదివాడు. వెంటనే ‘ఇండియన్ ఒపీనియన్’ అచ్చుయంత్రాన్ని నగరం నుంచి తరలించే పని మొదలుపెట్టాడు. డర్బన్‌కు 14 మైళ్ల దూరంలో ఫీనిక్స్ దగ్గర 100 ఎకరాలు 1,000 పౌండ్లకు కొన్నారు. పని ఏదైనా నెలకు మూడు పౌండ్లు, దానితో పాటు కొంత నేల. తొలి సంచిక రాత్రి నూనె ఇంజన్ మొండికేస్తే వడ్రంగులను నిద్రలేపి చేతిచక్రం తిప్పి పత్రిక అచ్చువేశారు. తరవాత కొంతకాలం ఇంజన్ ఉన్నా ఆపేసి చేతులతోనే నడిపారు.

ఫీనిక్స్‌లో నేల మొదటే చేతికొచ్చింది. సరుకు కూడా వేరు: దానికి చందాదారులు ఉన్నారు, వెనుక ఒక జాతి పోరాటం ఉంది. అయినా అది తన కాళ్లమీద నిలబడిందనడానికి వీలులేదు. గాంధీ వకీలుగా సంపాదించిన సొమ్మెంతో దానిలో పోశాడు. ఆశయ జీవనాలను నగరపు సంపాదన ఇలా చాటుగా పోషించడం తరచుగా కనిపిస్తుంది. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఎవరో ఒకరు లండన్‌లోనో జొహానెస్‌బర్గ్‌లోనో ఇవాళైతే హైదరాబాదులోనో జీతం తెస్తూంటే, ఆ బతుకును స్వయంపోషకమని రాయకూడదు.

మూడో ఉదాహరణలో లెక్క ముందు వచ్చింది, ఊరు తరవాత వచ్చింది. మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్కూలు ప్రిన్సిపాలు కె.సి.ఎస్. పణికర్‌ను (1911–1977) వేధించిన సంగతి ఒకటుంది. మంచి చిత్రకారులుగా బడి దాటిన విద్యార్థులు బతుకుతెరువు కోసం ఏదో ఒక ఉద్యోగంలో చేరి కుంచె వదిలేస్తున్నారు. బొమ్మలు కొనేవాళ్లు మద్రాసులో వేళ్లమీద లెక్కపెట్టేంత మంది. దాంతో ఆయన, శిష్యులు 1960ల మొదట్లో ఒక చేతిపనుల సంఘం పెట్టి బాతిక్ బట్టలు తయారుచేశారు. వాటికి గిరాకీ వచ్చింది. ఆ అమ్మకాల సొమ్ముతో ఇంజంబాక్కం దగ్గర సముద్రపు ఒడ్డున పది ఎకరాల లోపు ఇసుక నేల కొన్నారు. 1966లో చోళమండలం కళాకారుల గ్రామం మొదలైంది. తాటాకు కప్పులు, మొదట్లో కరెంటు లేదు. పూటలో కొంతసేపు అమ్మకానికి చేతిపని, మిగతా కాలమంతా తమ బొమ్మ.

క్యాంప్‌డెన్‌కూ దీనికీ తేడా ఈ వరుసలోనే ఉంది. ఆష్‌బీ కంపెనీలో కళే కూలి, కూలే కళ. గిరాకీ పడిపోతే రెండూ పడిపోయాయి. పణికర్ చేతిపనిని పొట్టకూటికి, చిత్రాన్ని చిత్రానికే విడగొట్టాడు. రస్కిన్ దీన్ని ఒప్పుకునేవాడు కాదేమో. పనినీ ఆనందాన్నీ విడగొట్టడమే ఆధునిక రోగమని ఆయన నమ్మకం. ఇక్కడ నేను పణికర్ వైపే ఉంటాను. తన శిష్యుడు రేపు ఏం తింటాడని ముందు అడిగిన గురువు, అతని కళకు ఎక్కువ మేలు చేశాడు. పైగా స్థలాలు కళాకారుల సొంతం. నగరం బస్సు దూరంలోనే ఉంది. కొనేవాడు వచ్చి చూసి పోవచ్చు. ఆ దగ్గరతనమే తరవాత ఇంకో సమస్య అయింది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు పెద్దదైంది, 2011లో ఇంజంబాక్కం చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. వాళ్లు వదిలి వచ్చిన నగరమే వాళ్లను వెతుక్కుంటూ వచ్చింది. అయినా గ్రామం లేచిపోలేదంటే నేల మీద హక్కు ఉండబట్టే. అద్దె మీద ఉండి ఉంటే ఆ రోడ్డు పక్కన ఒక చిత్రకారుడు ఎన్నేళ్లు నిలిచేవాడు?

ఇవాళ హైదరాబాదు చుట్టూ గుంటల్లెక్కన అమ్ముతున్న ఫామ్ ప్లాట్లను, అక్కడికి చేరుతున్న డిజైనర్లను, సినిమా వాళ్లను, కుండలూ నేతా నేర్చుకుంటున్న మాజీ ఐటీ ఉద్యోగులను చదవడానికీ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి. ఆ గుంటలు నిన్నటిదాకా ఎవరి జొన్నచేలు? అమ్మిన రైతు ఇప్పుడు ఎక్కడున్నాడు, వచ్చినవాడి తోటలో రోజుకూలికి వస్తున్నాడా? బోరు ఎంత లోతుకు వెళ్లింది, పక్క పొలం బావి ఏమైంది? క్యాంప్‌డెన్‌లో అద్దెల మీద పడిన ఒత్తిడి ఇక్కడ నేల ధరమీద, నీటిమీద పడుతుంది. ఊళ్లో అప్పటికే మగ్గం ఉన్న ఇంటివాడు, సారె తిప్పుతున్న కుమ్మరి ఈ కొత్త కళాకారుడికి గురువవుతాడా, పోటీ అవుతాడా, పనివాడవుతాడా అన్నది కూడా ఊరూరా తిరిగి నమోదు చేయవలసిన విషయం. మన విశ్వవిద్యాలయాల సామాజికశాస్త్ర శాఖలు ఈ పనిని ఇప్పుడే చేపట్టాలి. గిల్డ్ జాబులూ డైరీలూ పదిలంగా ఉండబట్టే క్యాంప్‌డెన్ గురించి ఇంత మాట్లాడగలుగుతున్నాం. మన ఊళ్లలో ఈ వలస మొదటి సాక్షులు, నేల అమ్మినవాళ్లు, ఇంకా బతికే ఉన్నారు.