సేవై నుంచి పాస్తా దాకా: చిత్తూరు సీమలో, జపానులో తాజా పోగుల భోజనం

పిండిని సన్నని పోగులుగా ఒత్తి, ఉడికించి, అదే పూట తినే అలవాటు దక్షిణ భారతదేశంలో చాలా ప్రాచీనమైనది. 1025 ప్రాంతంలో చావుండరాయ కన్నడంలో రచించిన లోకోపకారమనే గ్రంథంలోనే శావిగె అనే పిండి పోగులను ఒత్తే సాధనం ప్రస్తావన కనిపిస్తుంది. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగాలతో 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు ఒకవైపు కన్నడ సీమ, మరొకవైపు తమిళ సీమ సరిహద్దులుగా ఉండటమే కాక, 1960 నాటి సరిహద్దు మార్పులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. అందువల్ల ఇక్కడి వంటిళ్లలో ఇరుగుపొరుగు భాషల వంటకాలు సహజంగానే కలిసిపోయాయి.

వాటిలో ఇడియాప్పం, సేవై ముఖ్యమైనవి. బియ్యప్పిండిలో గోధుమపిండికుండే జిగురు ఉండదు కనుక మరిగిన నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి, పోగు తెగకుండా నిలుస్తుంది. పిండిని గొట్టంలో ఒత్తి, తరువాత ఆవిరి మీద ఉడికిస్తే అది ఇడియాప్పం. ముందుగా ఉడికించిన ముద్దను ఒత్తి, నిమ్మరసంతోనో కొబ్బరితోనో తాలింపు వేస్తే అది సేవై.

జపానుకు కూడా ఉడాన్, సోబా వంటి స్వంత పోగులు పూర్వం నుంచీ ఉన్నాయి. ఉడాన్ గోధుమపిండితోనూ, సోబా బక్వీట్ అనే గింజల పిండితోనూ చేస్తారు. రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికా గోధుమలు విరివిగా దిగుమతి కావడంతో అక్కడ ఇటాలియన్ పోగులకూ చోటు దొరికింది. యోకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో పుట్టిందని చెప్పే నాపోలితాన్ అనే స్పగెట్టి వంటకం సాధారణ భోజనశాలలకు చేరేసరికి టమాటా కెచప్‌తో చేసేదిగా మారింది. 1953లో టోక్యోలో మొదలైన కాబే నో ఆనా అనే భోజనశాల చేప గుడ్లు, సోయా సాస్ వంటి స్థానిక పదార్థాలతో పాస్తాను వండి, ఆ దేశపు రుచికి అనువుగా మలచింది. తరువాతి కాలంలో నామా పాస్తా, అంటే ఎండబెట్టని తాజా పాస్తా, మధ్యాహ్న భోజనంలో ప్రత్యేక ఆకర్షణ అయింది. ఇటలీలో ఎండు పాస్తాకు అనుమతించిన గరిష్ఠ తేమ 12.5 శాతం కాగా, తాజా పాస్తాలో తేమ అంతకంటే చాలా ఎక్కువ కనుక అది రెండు మూడు నిమిషాల్లోనే ఉడికి, మెత్తగా, సాగే గుణంతో ఉంటుంది. ఉడాన్‌కు అలవాటుపడిన నాలుకకు ఈ గుణం కొత్తదేమీ కాదు.

చిత్తూరు సీమలోనూ ఇటువంటి పరిణామమే జరిగింది. పొట్లాలలో అమ్మే గోధుమ సేమియా ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరప తాలింపుతో ఉప్మాగానూ, పాలు, బెల్లంతో పాయసంగానూ మారింది.

2008లో సత్యవేడు పరిసరాల్లో ప్రారంభమైన శ్రీసిటీ పారిశ్రామికవాడకు కోబెల్కో, ఇసుజు, డైకిన్ వంటి జపాన్ సంస్థలు రావడంతో ఈ రెండు సంప్రదాయాలూ ఒకే ప్రాంతంలో ఇరుగుపొరుగయ్యాయి. పై రెండు చరిత్రలను బట్టి చూస్తే, బయటి నుంచి వచ్చిన పోగు స్థిరపడాలంటే పేరూ పిండీ ఎక్కడివైనా సరే, స్థానికుల తాలింపుకూ నంజుకునే వాటికీ ఒదగక తప్పదని తేలుతుంది.