మొరసు ఒక్కలిగలు

కోలారు, చిక్కబళ్లాపుర, బెంగళూరు గ్రామీణ జిల్లాల్లోనూ తమిళనాడులోని హోసూరు వైపూ ఉన్న వ్యవసాయ కులం. వీరిలో కొందరి ఇంటిభాష తెలుగు, కొందరిది కన్నడం. మొరసు కాపులనీ అంటారు. కోలారులో తెలుగు అనగానే చాలామందికి బంగారు గనులకు వచ్చిన వలసకూలీలు గుర్తొస్తారు. నిజానికి గనులకు వచ్చినవారిలో తమిళులే ఎక్కువ. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ తవ్వకం చేపట్టేనాటికే చుట్టుపక్కల పల్లెల్లో రాగులు పండించుకుంటూ తెలుగు మాట్లాడేవాళ్లు శతాబ్దాలుగా ఉన్నారు.

వీరి మూలకథ కంచి దగ్గర మొదలవుతుంది. ఒక దొర తమ ఇంటి ఆడపిల్ల దొడ్డమ్మను పెళ్లాడతానని పట్టుబడితే, ఇష్టంలేని రణభైరేగౌడ రాత్రికి రాత్రి బంధువులతో బండ్లు కట్టించి బయలుదేరాడట. అడ్డొచ్చిన పాలారు దారి ఇచ్చిందట. నంది కొండకు తూర్పున రామస్వామి బెట్ట కింద దిగి, ఆవతి అనే ఊరు కట్టుకున్నారు. పెళ్లి ఇష్టంలేక ఊరు విడిచిన కథ దక్షిణాదిలో ఎన్నో కులాలకు ఉంది కాబట్టి దీన్ని చరిత్రగా తీసుకోనక్కర్లేదు. దొర పట్టు తప్పించుకుని సరిహద్దు అడవికి చేరినవాళ్లు సేద్యం, కత్తి రెండూ చేతపట్టడం మాత్రం నమ్మదగిందే. రష్యా గడ్డిమైదానాల్లో కొసాక్కుల పుట్టుక కూడా ఇంచుమించు ఇలాంటిదే.

ఆవతి వంశపు శాఖలు పాళెగార్లయ్యాయి. మల్లభైరేగౌడ 1501లో దేవనహళ్లి కోట కట్టించాడు. మరో శాఖ యలహంకలో స్థిరపడింది. 1537లో బెంగళూరు కోటకు పునాది వేసిన కెంపేగౌడ ఆ ఇంటివాడే. ‘గంగాగౌరీ విలాసం’ అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేరిటే ఉంది. కన్నడ నేల మీద పాళెం ఏలేవారికి సాహిత్యభాషగా తెలుగు చెల్లుబాటు కావడం విజయనగర కాలపు వాతావరణానికి గుర్తు. తర్వాత 1638లో బెంగళూరు బిజాపూరు సేనల వశం కావడంతో కెంపేగౌడ వంశం మాగడికి తరలింది. మైసూరు సేనలు 1728లో మాగడిని, 1749లో దేవనహళ్లిని, హైదర్ అలీ కాలంలో చిక్కబళ్లాపురాన్ని పట్టుకోవడంతో పాళెగారితనం ముగిసింది. ఆ హైదరు పుట్టిందీ కోలారు జిల్లా బూదికోటలోనే.

ఈ కులంలోని ఒక శాఖ ఆచారం తెల్లదొరలను దిగ్భ్రమకు గురిచేసింది. పెద్దకూతురికి చెవులు కుట్టించే ముందు తల్లి కుడిచేతి ఉంగరపువేలి, చిటికెనవేలి చివరి కణుపులు తెగ్గోయించుకునేది. పీటమీద వేళ్లుంచితే, ఊరి వడ్రంగి ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేసేవాడు. దీనికి వాళ్లు చెప్పే కథ కోలారు దగ్గరి సీతిబెట్టది. భస్మాసురుడికి భయపడి శివుడు దాక్కుంటే, రైతు ఒకడు నోటితో చూడలేదంటూనే చిటికెనవేలితో చోటు చూపించాడు. మోహిని రాక్షసుణ్ణి బూడిద చేశాక శివుడు ఆ వేలు నరకబోయాడు. మొగుడు సేద్యం చేయలేడని భార్య అడ్డుపడి, ఒకదానికి బదులు తన వేళ్లు రెండిస్తానంది. తప్పు మగవాడిది, శిక్ష ఆడదానిది. ఇందులో భక్తి ఎంతుందో గానీ లెక్క మాత్రం పక్కాగా ఉంది! బ్రిటిష్ అధికారి మార్క్ విల్క్స్ 1810లో వెలువరించిన మైసూరు చరిత్రలో ఈ ఆచారాన్ని వర్ణించాడు. 19వ శతాబ్దంలో ప్రభుత్వం నిషేధించాక, పిండితో వేలికి అంటించిన బంగారు రేకునో వెండి రేకునో కోసి మొక్కు తీర్చుకున్నారు.

కోలారు తెలుగంతా మొరసు కాపులది కాదు. ఆంధ్రలోని మోక్షగుండం నుంచి వచ్చిన ములుకినాటి బ్రాహ్మణ కుటుంబంలో 1861లో ముద్దేనహళ్లిలో విశ్వేశ్వరయ్య పుట్టారు. చింతామణి దగ్గరి కైవారంలో గాజులమ్ముకుని బతికిన బలిజ యోగి నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పదాలు కట్టాడు. ఆయన తెలుగు పదాలు అక్కడ కన్నడ లిపిలోనే అచ్చవుతాయి. బడి కన్నడం, ఇల్లు తెలుగు అయిన ఈ ప్రాంతంలో చాలామందికి తెలుగు చదవడం తెలిసేది ఆ లిపి ద్వారానే.