"పరిస్థితులు అనుకూలించలేదు" అన్నప్పుడు ఏం అడగాలి?

మహిమలను పరీక్షకు పెట్టినప్పుడు జరగకపోతే ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇవాళ పరిస్థితులు అనుకూలంగా లేవు, ఎదురుగా నమ్మకం లేనివాళ్ళున్నారు." మనం నవ్వుకుంటాం. కానీ సైన్సుకూ పరిస్థితులు కావాలి. నేనుండే పుదుచ్చేరిలోనే దానికి పాత ఉదాహరణ ఉంది. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం చూడాలని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లె జెంటిల్ ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. 1769 జూన్ 4 ఉదయం ఇక్కడ మబ్బు కమ్మింది, ఏమీ కనబడలేదు. కనబడలేదనే ఆయన రాశాడు.

మరి స్వాములవారి సాకుకీ సైంటిస్టు మాటకీ తేడా ఏమిటి? కోలార్ బంగారు గనుల్లో జరిగిన పని చూస్తే తెలుస్తుంది.

1960ల మొదట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి, జపాన్ శాస్త్రవేత్త మియాకే కలిసి కాస్మిక్ కిరణాల్లోని మ్యూయాన్లు భూమిలోకి ఎంత లోతుకు దిగుతాయో కొలిచారు. మ్యూయాన్ దూసుకుపోయినప్పుడు సింటిలేటర్‌లో చిన్న మెరుపు పుడుతుంది. దాన్ని ఫోటోమల్టిప్లయర్ ట్యూబు విద్యుత్ సంకేతంగా మారుస్తుంది.

అయితే ఈ ట్యూబు లేనిదాన్ని కూడా చూస్తుంది. కటిక చీకట్లో పెట్టినా, వేడి వల్లే లోపలి ఫోటోకాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. వేడి పెరిగితే ఆ దొంగ సంకేతాలూ పెరుగుతాయి. వోల్టేజి 1 శాతం మారితే సంకేతం పరిమాణం సుమారు 7 శాతం మారవచ్చు. భూమి అయస్కాంతత్వం కూడా ఎలక్ట్రాన్లను దారి మళ్ళిస్తుంది. ఒకసారి గది వెలుతురు తగిలితే, మళ్ళీ చీకట్లో పెట్టినా గంటల తరబడి కుదుటపడదు.

దీనికి విరుగుడు సాక్షులను పెంచడమే. ఉదాహరణకు ఒక్కో ట్యూబు సెకనుకు 1000 దొంగ సంకేతాలు ఇస్తుందనుకుందాం. సెకనులో కోటో వంతు తేడాలో రెండు ట్యూబులూ పలికితేనే లెక్కలోకి తీసుకుంటే, కాకతాళీయంగా అలా జరిగేది 5 సెకన్లకు ఒకసారి. నాలుగూ కలిసి పలకాలంటే సుమారు 8 ఏళ్ళకు ఒకసారి!

గనిలో తక్కువ లోతుల్లో మ్యూయాన్లు లెక్కకు దొరికాయి. దిగేకొద్దీ తగ్గాయి. 2,760 మీటర్ల దగ్గర రెండు నెలలు కూర్చుంటే ఒక్కటీ రాలేదు. ఆ సున్నాను ఎందుకు నమ్మారు? పైన మ్యూయాన్లను పట్టగలిగిన పద్ధతే కింద కూడా వాడారు కాబట్టి. అంత నిశ్శబ్దమైన చోటైతే న్యూట్రినోల జాడ పట్టవచ్చని తేలింది. 1965లో దాదాపు 2.3 కిలోమీటర్ల లోతులో భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తల బృందం వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టింది.

పరిస్థితుల ప్రభావాన్ని వీళ్ళు ముందే కొలుస్తారు, అంకెల్లో చెబుతారు. మహిమలవాళ్ళు ఓడిపోయాక గుర్తు చేసుకుంటారు. కాబట్టి ఈసారి ఎవరైనా "పరిస్థితులు" అంటే వాదనకు దిగకండి. ఏ పరిస్థితి, ఎంత ఉండాలి, దేనితో కొలవాలి అని అడగండి. పరీక్షకు ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి.