వేషం, యాషం

సూర్యాపేట దిక్కు ఇళ్లల్లో పిల్లగాడు బడికి పోవాల్సిన పూట కడుపునొప్పని ముసుగుతన్ని పడుకుంటే తల్లి నోట వచ్చే మాట ఒకటుంది: ‘యాషాలు పడకు, లే’. వేప యాప అయినట్టు, వేసంగి యాసంగి అయినట్టు, వేషం యాషం అయింది. వీటిలో యాసంగి అదృష్టం పండింది. మిర్యాలగూడ రైసుమిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో పత్రికలూ సర్కారు ప్రకటనలూ రబీ అనకుండా యాసంగి అనే రాస్తున్నాయి. యాషానికి ఆ యోగం పట్టలేదు, ఇంటి తిట్టుగానే ఉండిపోయింది. ఆ తిట్టు పిల్లగాడి మీద పడ్డంతసేపు నవ్వులాటే. చీర కట్టుకుని మిర్యాలగూడ స్టేషన్లో రైలెక్కే మనిషి మీద పడితే మాత్రం తీర్పవుతుంది. ‘వాని యాషం జూడు’ అన్న మూడు ముక్కల్లో ఆ మనిషి ఎవరో, ఎవరు కాదో అనేవాడే తేల్చేస్తాడు.

మాట పుట్టుకలో ఈ అనుమానం లేదు. సంస్కృతంలో ‘వేష’మంటే అలంకారం, కట్టుబొట్టు. అమరకోశం దాన్ని ఆకల్పం, నేపథ్యం, ప్రసాధనం వంటి మాటల వరసలో కూర్చోబెట్టింది. అన్నీ సింగారించుకోవడానికి చెందినవే. దీని పక్కనే తాలవ్య శకారంతో ‘వేశ’మని ఇంకో మాట. అది విశ్ ధాతువు నుంచి, అంటే లోపలికి వెళ్లడం నుంచి వచ్చింది. ప్రవేశం, నివేశనం దాని చుట్టాలు. వేశమంటే ఇల్లు, ఆ తర్వాత వేశ్యల వాడ. రాతలో శ, ష తారుమారై ఒకదాని చోట ఇంకొకటి కూడా నడిచింది. కట్టుబొట్టుకు వాడ మైల అంటుకుందని కొందరికి తోచవచ్చు. నాకలా తోచదు. వేషం పరువు తీసింది సంస్కృతం కాదు, మన క్రియలు.

నామవాచకం అరువు తెచ్చుకున్నాం గాని దానికి క్రియలు తగిలించింది మనమే. వేషం కట్టడం నటుడి పని. నడుముకు వడ్డాణం, కాలికి గజ్జె, తలకు సవరం, అన్నీ నిజంగానే కట్టేవి కాబట్టి ఆ క్రియ చక్కగా కుదిరింది. వేషం వేయడం రెండు వైపులా నడుస్తుంది. ‘కృష్ణుడి వేషం వేశాడు’ అంటే మెప్పు. ‘వేషాలు వేశాడు’ అంటే చీవాటు. మధ్యలో మారింది వచనం ఒక్కటే. ‘వేషాల కోసం మద్రాసు పోయాడు’ అని సినిమా వాళ్ల గురించి చెప్పేటప్పుడు తప్పితే బహువచనంలో ఈ మాటకు మర్యాద దక్కదు. ఇక మన వైపు ‘పడు’ చేరిందంటే నింద పూర్తయినట్టే.

ఈ గతి వేషానికి ఒక్కదానికే పట్టలేదు. ‘నాటకాలాడుతున్నవా’, ‘కథలు పడుతున్నవ్’, ‘నీ భాగోతం బయటపెడ్తా’. భాగోతమంటే భాగవతమే. పోతన తెనిగించిన గ్రంథం పేరు, ఊరూరా కట్టిన ఆట పేరు, వీధి తగాదాలో గుట్టు రట్టుకు పర్యాయపదమైంది. తెల్లవార్లూ కూర్చుని చూసిన ఆటల పేర్లన్నిటినీ పొద్దున లేచి అబద్ధానికి పేర్లుగా పెట్టుకున్నాం. చిందు భాగోతం ఆడే కళాకారులను మన ఊళ్లు ఎక్కడ నిలబెట్టాయో చూస్తే ఇందులో కులం పాలు ఎంతో అంచనా వేయొచ్చు. ఆటను మెచ్చి, ఆడేవాణ్ని గడప బయటే ఉంచిన సమాజం, వాడి పని పేరును తిట్టుగా వాడటంలో వింతేముంది?

అన్ని వేషాలకూ ఇదే గతి అనుకోకండి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దాటి మచిలీపట్నం దాకా సాగుతుంది. ఆ దారిలో పామర్రు దగ్గర పక్కకు తిరిగితే కూచిపూడి. అక్కడ బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు తరతరాలుగా ఆడవేషం కట్టారు. ఊళ్లో పుట్టిన ప్రతి మగవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెబుతారు. గోలకొండ తానీషా ఆట చూసి మెచ్చి ఊరినే అగ్రహారంగా ఇచ్చాడన్న కథ కూడా ఉంది. భామాకలాపంలో సత్యభామ రాక చూడాలి. ముందు ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. తెర మీదుగా పొడుగాటి జడ ఇవతల పడుతుంది. ఆటలో నన్ను మించినవాళ్లుంటే ఈ జడ పట్టుకోండని సవాలు. ఆ తర్వాతే ప్రవేశ దరువు, తానెవరో తానే చెప్పుకుంటూ రావడం. శబ్దశాస్త్రం వేరు చేసి చూపే వేషమూ ప్రవేశమూ ఆ తెర దగ్గర కలుస్తాయి. కట్టుకున్నది కట్టుకుని లోపలికి వచ్చి, నా పేరిది అని చెప్పుకునే హక్కు సత్యభామకుంది. ఆమె జడ కింద ఉన్నది మగవాడని చూసేవాళ్లందరికీ తెలుసు. ఎవరూ మోసపోరు.

వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా ఎంతో పేరు తెచ్చుకున్నారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు 1956లోనే రంగస్థలం మీద ఆడవేషాలకు మారుపేరైన స్థానం నరసింహారావుకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కట్టిన చీర తీరు చూసి ఇంటి ఆడవాళ్లు నేర్చుకునేవారని పాతతరం చెప్పుకునేది. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్యం, సంస్కృతి బోధించే హర్షిత మృత్యింటి కామత్ 2019లో ‘ఇంపర్సొనేషన్స్’ అనే పుస్తకం తెచ్చారు. ఆ పుస్తకమంతా కూచిపూడి స్త్రీవేషం గురించే. ఆ ఊళ్లో ఆడవేషం మగతనానికి లోటు కాలేదు, బ్రాహ్మణ మగతనానికి ఆనవాలైంది. ఆ మగతనం కూడా కట్టుకున్నదే అన్నది ఆమె వాదం. పుస్తకం ఉపశీర్షికలోనే ఆ మాట ఉంది. ప్రవాసంలో ఉన్న తెలుగు స్త్రీ రాసింది కాబట్టే ఈ సంగతి అంత స్పష్టంగా కనపడిందేమో. ఆమె చుట్టూ ఉన్న అమెరికా తెలుగు ఇళ్లల్లో కూచిపూడి నేర్చుకునేది ఎక్కువగా ఆడపిల్లలే. వెంపటి చినసత్యం మద్రాసులో ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక కూచిపూడి వాళ్ల చేతికొచ్చింది. ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆడపిల్ల కృష్ణుడి వేషం కడితే తల్లిదండ్రులు వీడియో తీసి బంధువులకు పంపుకుంటారు. అది యాషమని ఎవరూ అనరు.

ఇదే చీర ఇంకొకరి ఒంటి మీద ఉంటే ఏమయ్యేదో చట్టంలో రాసి ఉంది. నిజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అంటే 1919లో, నపుంసకుల చట్టమొకటి చేసింది. హైదరాబాదు నగరంలోనూ, సర్కారు చెప్పిన ఇతర చోట్లా నేరాలు చేస్తారని అనుమానం ఉన్న నపుంసకుల పేర్లు దస్త్రానికెక్కించాలి. ఆ దస్త్రంలో ఉన్న మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనబడినా, కనబడాలని నిలబడినా, ఆడినా, పాడినా, వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. శిక్ష రెండేళ్ల దాకా జైలు. రాష్ట్రాలు కలిసినా చట్టం పోలేదు. ‘ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత)’ అన్న ముందుమాటతో అలాగే నిలిచింది. కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే ఆ కాగితం వర్తించేది కాదు, వెనక్కి వస్తే వర్తించేది. ఒకే రహదారి మీద, ఒకే దశాబ్దాల్లో, ఆడవేషానికి ఒక చివర పద్మశ్రీ, ఇంకో చివర రెండేళ్ల జైలు. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న ఈ చట్టాన్ని కొట్టేసింది. తీర్పిచ్చిన ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కరరెడ్డి ఉన్నారు. చట్టానికి అప్పటికి నూరేళ్లు దాటాయి.

అసలు నేరమేమిటో గమనించండి. ఆ సెక్షన్‌లో దొంగతనం లేదు, దెబ్బలాట లేదు. చీర, నగ, పాట, ఆట ఉన్నాయి. అమరకోశంలో వేషం పక్కన కూర్చున్న మాటలు ఇక్కడ పోలీసు చేతిలో పడ్డాయి.

చట్టం పోయినా మాటల కరువు తీరలేదు. తమిళులు ‘తిరునంగై’ అన్న గౌరవమైన మాట ఒకటి నిలబెట్టుకున్నారు. 2019 నాటి కేంద్ర చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల నిర్వచనంలో కిన్నెర్, హిజ్రా, అరవాణి, జోగ్తా అన్న సమాజాలను పేరుపేరునా చెప్పింది. వాటిలో తెలుగు పేరు లేదు. మనకు మాట లేక కాదు. ‘పేడి’ ఉంది. తిక్కన విరాటపర్వంలో అర్జునుడి బృహన్నల రూపం చదివినవాళ్లకు ఆ మాట తెలుసు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్టీఆర్ ఆ వేషం వేస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. పేడి మాత్రం ఇప్పుడు పేడిమూతి అన్న వెక్కిరింతలో తప్ప వినపడదు. ‘కొజ్జా’ కథ ఇంకా విచిత్రం. పారశీకంలో ఖ్వాజా అంటే దొర, పెద్దాయన. గుల్బర్గా దర్గాలో ఉన్న మహాత్ముణ్ని ఖ్వాజా బందే నవాజ్ అనేది ఆ గౌరవంతోనే. రాజుల అంతఃపురం బాధ్యత చూసే నపుంసక అధికారి ఖ్వాజాసరా. అదే ఖోజా అయి, తెలుగులోకి వచ్చేసరికి కొజ్జా అయి, బస్టాండులో పోకిరీల నోటి తిట్టయింది. ఆ పోకిరీకి తాను ఎదుటి మనిషిని ‘దొరా’ అని పిలుస్తున్నట్టు తెలియదు పాపం.

పండితుల దృష్టి పడని మాట ఒకటి మన తెలంగాణలోనే బతికి ఉంది. వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి కల్యాణం నాడు జోగినులు, హిజ్రాలు పెద్ద సంఖ్యలో వచ్చి, చేతిలో త్రిశూలంతో, తల మీద తలంబ్రాలతో శివుణ్ని పెళ్లాడతారు. వాళ్లను ‘శివపార్వతులు’ అంటారు. వ్యాకరణం ప్రకారం ఇద్దరికి చెందిన ద్వంద్వ సమాసం. వాడుకలో ఒక్కో మనిషికీ అదే పేరు. పగటివేషగాళ్లు కట్టే అర్ధనారీశ్వర వేషం గుర్తుకొస్తుంది. ముఖంలో ఒక పక్క మీసం, ఇంకో పక్క ముక్కుపుడక. మధ్యలో అడ్డుగుడ్డ పట్టుకుని, ఒక పక్క దాచి ఒక పక్క చూపుతూ ఒక్కడే ఇద్దరి మాటలూ మాట్లాడతాడు. పగటివేషగాడు సాయంత్రం అది విప్పేస్తాడు. శివపార్వతి విప్పదు. తేడా అక్కడే ఉంది, వేషమన్న మాట హద్దూ అక్కడే ఉంది.

విప్పగలిగేదే వేషం. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి సాహిత్య అకాదెమీ బహుమతి కూడా వచ్చింది. అది చదివినవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి జీవితంలో చీర వేషం కాదు. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల భయానికి తొడుక్కున్న నిక్కరు, చొక్కా వేషం. లోకం సరిగ్గా తలకిందులుగా చదువుతోంది. విప్పేసిన దాన్ని నిజమంటోంది, కట్టుకున్న దాన్ని యాషమంటోంది.

వేషాన్ని వేషంగానే కట్టి, అదే మా కళ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లను రేవతి లాంటివాళ్లతో కలపకూడదు. హైదరాబాదులో పట్రుని శాస్త్రి శాస్త్రీయ నృత్యం నేర్చి, డ్రాగ్, అంటే ఆడామగా వేషాలు కట్టి ఆడే ప్రదర్శనలిస్తారు. డ్రాగ్ కళాకారుల కోసం వారు పెట్టిన వేదిక పేరు ‘డ్రాగ్‌వంతి’. ఇంగ్లీషు ముక్కకు గుణవంతి లాంటి తోక తగిలించారు. నా చెవికి అందులో కళావంతులు కూడా వినిపిస్తారు. వేశ్య అన్న ముద్ర వేసి వాళ్ల ఆటను ఇళ్లకే పరిమితం చేసిన చరిత్ర మనది కాబట్టి ఆ తోక ఊరికే పడలేదనుకుంటాను. (ఇక్కడ ‘వారు’ అన్నాను చూడండి. ఇంగ్లీషువాళ్లు ఆడామగా తెలియని ఏకవచనం కోసం తన్నుకులాడుతుంటే, తెలుగు మర్యాద మనకా పని ఎప్పుడో చేసిపెట్టింది.) అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కరీం ఖూబ్‌చందానీ రాత్రి క్లబ్బులో చీర కట్టి లావోర్ వజిస్తాన్ అవుతారు. వేషం మీద పుస్తకాలు రాసి, వేషం కట్టి చూపే పండితులు. కూచిపూడిలో తెర మీదుగా జడ వేసిన సత్యభామకు వీరు దూరపు చుట్టం కారని ఎవరనగలరు?

జిల్లా ఎడిషన్లలో వార్తలు రాసే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విలేకరి మిత్రులకు ఒక విన్నపం. రంగం మీద వేషం కట్టిన కళాకారుడి గురించి రాసేటప్పుడు వేషమని నిండుగా రాయండి, అది వాళ్ల పని పేరు. ట్రాన్స్ మహిళ గురించి రాసేటప్పుడు ‘ఆడవేషంలో’ అన్న మాట తీసేయండి. ‘చీర కట్టుకున్నారు’ అని రాస్తే చాలు. వార్తకు చీరతో పని లేకపోతే అది కూడా అక్కర్లేదు.