చిత్ర స్థల గుర్తింపు ఆట

చిత్ర స్థల గుర్తింపు ఆట అనగా ఒక ఛాయాచిత్రాన్ని చూసి, అది ఏ ప్రదేశంలో తీసినదో అందులోని ఆధారాలను బట్టి కనుగొనే ఆట. దీర్ఘకాల యాత్రలో ఉన్నవారు ఊరి పేరు తెలుపకుండా ఫొటో పంపగా, ఇంటివద్ద ఉన్న మిత్రులు, బంధువులు ఆ స్థలాన్ని ఊహించడం దీని సాధారణ రూపం. దీనివలన భూగోళ పరిజ్ఞానం, పరిశీలనాశక్తి పెంపొందుతాయి. అయితే యాత్రికుని జాడను అపరిచితులు సైతం ఇదే పద్ధతిలో కనుగొనగలరు కనుక తగిన జాగ్రత్త అవసరం.

ఆడే విధానం

చార్మినార్, తాజ్ మహల్ వంటి ప్రసిద్ధ కట్టడాలు కనిపిస్తే ఆటలో పస ఉండదు. కావున వీధి మలుపు, బస్టాండు, కిటికీలోనుండి కనిపించే దృశ్యం వంటి వాటిని ఎన్నుకొంటారు. ఆడేవారు మొదట ఖండాన్ని, పిదప దేశాన్ని, ఆపైన ఊరిని నిర్ణయిస్తారు. ఎవరూ చెప్పలేనప్పుడు యాత్రికుడు ఒక్కొక్క సూచన ఇస్తాడు. సమాధానంతో పాటు కారణం కూడా చెప్పవలెనన్న నియమం ఉంటే గుడ్డి ఊహలు తగ్గుతాయి.

ప్రసిద్ధ రూపాలు

రచయిత ఆండ్రూ సల్లివన్ 2010లో తన బ్లాగులో, పాఠకులు పంపిన కిటికీ దృశ్యాల ఆధారంగా వారం వారం ఇట్టి పోటీని నిర్వహించాడు. 2013లో స్వీడన్ దేశీయుడు ఆంటన్ వాలెన్ "జియోగెస్సర్" అనే ఆటను రూపొందించాడు. ఇందులో గూగుల్ స్ట్రీట్ వ్యూ దృశ్యాలను చూసి ఆటగాడు పటంపై స్థలాన్ని గుర్తిస్తాడు. సాధారణంగా ఒక ఆటకు 5 దృశ్యాలు, ఒక్కొక్క దానికి గరిష్ఠంగా 5,000 పాయింట్లు. దీని మొదటి ప్రపంచ కప్ 2023లో స్టాక్‌హోంలో జరిగింది.

భారతదేశంలో స్ట్రీట్ వ్యూ చిత్రీకరణ 2011లో బెంగళూరులో మొదలైనా, పోలీసుల అభ్యంతరంతో నిలిచిపోయింది. 2022 జూలైలో హైదరాబాదుతో సహా పది నగరాలలో ఈ సేవ ఆరంభమైంది.

ముఖ్యమైన ఆధారాలు

* లిపి: తెలుగు, కన్నడ లిపులు దూరం నుండి ఒకే తీరుగా కనిపిస్తాయి. తెలుగు తలకట్టు పైకి లేచిన టిక్కు గుర్తు వలె ఉండగా, కన్నడ తలకట్టు అడ్డగీతగా సాగి చివర వంపు తిరుగుతుంది.
* వాహన సంఖ్య: భారతదేశంలో మొదటి రెండు అక్షరాలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణలో 2014 నుండి "టీఎస్", 2024 మార్చి నుండి "టీజీ" వాడుకలోకి వచ్చాయి. కావున ఇవి కాలాన్ని కూడా సూచిస్తాయి. అయితే పొరుగు రాష్ట్రపు బండి ఒక్కటి కనిపించినంత మాత్రాన నిర్ణయానికి రాకూడదు.
* కిలోమీటరు రాళ్ళు: పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి.
* నీడలు: ఉత్తర సమశీతోష్ణ మండలంలో మధ్యాహ్నపు నీడ ఎల్లప్పుడూ ఉత్తరానికి పడుతుంది. ఉష్ణమండలంలో ఈ సూత్రం అన్ని రోజులలో వర్తించదు. హైదరాబాదులో సుమారు మే రెండవ వారం నుండి ఆగస్టు మొదటి వారం వరకు మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది.

ఒక్క ఆధారం చాలదు. రెండు మూడు ఆధారాలు ఏకీభవించినప్పుడే సమాధానం నమ్మదగినది. పాత చిత్రాలను కొత్త సంఘటనలకు ముడిపెట్టే తప్పుడు వార్తలను పరిశోధకులు పసిగట్టేది కూడా ఈ పద్ధతిలోనే.

యాత్రికుల భద్రత

మిత్రునికి ఆధారమైన దుకాణపు బోర్డు దొంగకూ ఆధారమే. బస చేసిన గది కిటికీ దృశ్యాన్ని బట్టి ఆ భవనాన్ని, అంతస్తును కూడా అంచనా వేయవచ్చు. అదీగాక సెల్‌ఫోనుతో తీసిన ఫొటో ఫైలులో అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉండవచ్చు. వీటిని తొలగించి పంపడం, ఆ ఊరు విడిచిన తరువాతే చిత్రాన్ని బయటపెట్టడం శ్రేయస్కరం. ఒంటరిగా ప్రయాణించేవారికి ఈ నియమం మరింత ముఖ్యం. ఆలస్యం వలన ఆటలోని ఆనందం ఏమాత్రం తగ్గదు.

ఇవి కూడా చూడండి

* అక్షాంశ రేఖాంశాలు
* గూగుల్ పటాలు
* తెలుగు లిపి